నడిచే పిట్ట

"కుర్చీ లాక్కోండి సారూ. మీరు కూర్చుంటేగానీ నాకు మాట రాదు. అలవాటైపోయింది."

లాకప్ గదిలో గోడకి వీపు ఆనించి, మోకాళ్ళు కావలించుకుని కూర్చున్న మనిషి అన్నాడా మాట. అందులో వెటకారం లేదు. ఉంటే ఇన్‌స్పెక్టర్‌కి కాస్త తేలికగా ఉండేది.

అతన్ని అందరూ మెత్తడుగు అంటారు. ఎండుటాకుల మీద కూడా చప్పుడు కాకుండా నడుస్తాడని ఆ పేరు. ఉచ్చులు పెట్టి అడవికోళ్ళని పట్టి అమ్ముకుంటాడు. పదకొండేళ్ళ కిందట ఒక అడవి కాపలాదారు హత్య కేసులో, ఇదే గదిలో, ఇన్‌స్పెక్టర్ అతని ఎదురుగా ఆరు గంటలు నోరు విప్పకుండా కూర్చున్నాడు. కొట్టలేదు, తిట్టలేదు, ఊరికే చూశాడు. ఆరో గంట గడిచేసరికి ఆ మౌనాన్ని భరించలేక మెత్తడుగు తాను చెయ్యని నేరం ఒప్పుకున్నాడు. నాలుగేళ్ళు జైల్లో ఉన్నాక అసలు హంతకుడు దొరికాడు. విడుదలైన రోజున వెళ్ళి కలుద్దామనుకున్నాడు ఇన్‌స్పెక్టర్. ఇవాళ కాదు, రేపు అనుకున్నాడు. ఆ రేపటికి ఏడేళ్ళు నిండాయి.

ఇన్‌స్పెక్టర్ కుర్చీ లాక్కోలేదు. నేల మీద, అతనికి ఎదురుగా చతికిలబడ్డాడు.

"పక్షుల డాక్టర్ని నువ్వు చంపావా?"

"మీ శిష్యుడు చంపానంటున్నాడు. బాగా చదువుకున్నవాడు, అబద్ధం ఎందుకు చెప్తాడు?"

"నేను నిన్ను అడుగుతున్నాను."

"పోయినసారి కాదు కాదని ఆరు గంటలు అన్నాను. నాలుగేళ్ళు పడింది. ఈసారి ముందే అవునంటే ఏమన్నా తగ్గుతుందేమో చూద్దామని." మెత్తడుగు గోడవైపు చూశాడు. "భోజనం అయ్యాక సంతకం పెట్టమన్నారు. సాయంత్రం అయిదింటికి మేజిస్ట్రేటు దగ్గరికట."

"నిన్న పొద్దున అడవిలో ఏం చేస్తున్నావు?"

"రెండు అడవికోళ్ళు పడ్డాయి, తెచ్చుకున్నాను. డాక్టర్ని చూడలేదు. చూసుంటే పక్కకి తప్పుకునేవాణ్ణి. ఆయన తిరిగేది ఆకుతిప్పరి కోసం. ఆ జాగాలో నేను ఉచ్చు పెట్టను."

"ఎందుకు? అంత అరుదైన పిట్ట. కొనేవాళ్ళు లేకనా?"

మెత్తడుగు మొదటిసారి ఇన్‌స్పెక్టర్ ముఖంలోకి చూశాడు. "సారూ, ఎగిరే పిట్టకి ఎర కావాలి. ఆకుతిప్పరి ఎగరదు, నడుస్తుంది. పొద్దున్నే నేల మీద దిగి ఒక్కో ఆకునే ముక్కుతో తిరగేసి కింద పురుగుల్ని ఏరుకుంటుంది. రోజూ దానికి ఒకటే దారి. ఆ దారికి అటో పుల్ల, ఇటో పుల్ల గుచ్చితే చాలు. ఎవరో తోస్తున్నారని కూడా దానికి తెలీదు. తన దారిన తానే వచ్చి ఉచ్చులో కాలు పెడుతుంది. ఇక మనిషిని చూసిందనుకోండి, పారిపోదు. నిలబడిపోతుంది, నన్ను చూడలేదులే అనుకుని. అట్లా నిలబడ్డదాన్ని పట్టుకోవడానికి చెయ్యి రాదు." మళ్ళీ గోడవైపు తిరిగి అన్నాడు. "మీకు వచ్చింది. మీ పనితనం వేరు, నాది వేరు."

ఇన్‌స్పెక్టర్ లేచాడు. క్షమించమని అడగడానికి ఇదే సమయమని అతనికి తెలుసు. కానీ ఇప్పుడు అడిగితే అది ఆ మనిషి కోసం కాదు, తన నిద్ర కోసం. గడప దగ్గర ఆగి, "సంతకం పెట్టకు. అయిదింటిదాకా ఆగు," అన్నాడు.

"మీ మాట మీద ఆగమంటారా?" అన్నాడు మెత్తడుగు.

*

నేరవిభాగం అధికారికి స్టేషన్లో అందరూ పెట్టిన పేరు గడియారం. నిమిషాలు లేకుండా వాక్యం పూర్తిచెయ్యడు. ఒకప్పుడు ఇన్‌స్పెక్టర్ దగ్గర మూడేళ్ళు పని నేర్చుకున్నాడు. ఇప్పుడు పైమెట్టులో ఉన్నాడు. అయినా గురువుగారూ అనే పిలుస్తాడు. ఆ పిలుపులో గౌరవం ఎంతో, గుర్తుచెయ్యడం ఎంతో తేల్చుకోవడం కష్టం.

"ఆరూ పదికి డాక్టరు పరిశోధన బంగళా నుంచి బయల్దేరాడు. వాచ్‌మన్ చూశాడు. ఆరున్నరకి అడవిలో ఉంటాడు. ఏడూ అయిదుకి మీవాడు అవతలి గేటు నుంచి సంచితో బయటికొచ్చాడు. ఎనిమిదీ నలభైకి కాలిబాట మీద శవం కనపడింది. ఆరున్నరకీ ఏడున్నరకీ మధ్య ప్రాణం పోయిందని పోస్టుమార్టం. శవం దగ్గర్నుంచి గేటుకి పావుగంట నడక. లెక్క సరిపోయింది."

"మరీ సరిపోయింది," అన్నాడు ఇన్‌స్పెక్టర్. "దెబ్బ ఎక్కడ?"

"తల వెనక. రాయి."

"ఆ రాయి దొరికిందా?"

"ఒప్పుకున్నాక వాడే చూపిస్తాడు."

"డాక్టర్ని లోపల ఎక్కడో కొట్టి బాట మీదికి ఈడ్చుకొచ్చారని నువ్వే రాశావు. ఎందుకు ఈడ్చాలి? చంపినవాడు శవాన్ని పొదల్లో దాస్తాడు. దాచిన శవాన్ని నలుగురూ నడిచే బాట మీదికి తెచ్చి పెట్టేవాణ్ణి నా ఉద్యోగంలో చూడలేదు."

"జారిపడ్డాడని మనం అనుకోవాలని."

"అడవిలో పుట్టి పెరిగినవాడు అంత వెడల్పున ఈడ్చిన జాడ వదిలేస్తాడా? ఆ జాడ వెంట మీవాళ్ళు ఎంతదూరం వెళ్ళారు?"

గడియారం పెన్ను మూత పెట్టాడు. "జలగలు ఉన్నాయి. బాట మీంచి ఫొటోలు తీశారు."

"అంటే ఎవరూ వెళ్ళలేదు."

"గురువుగారూ," అన్నాడు గడియారం మెత్తగా. "పదకొండేళ్ళ కిందట మీరు వాణ్ణి లోపలేసినప్పుడు నేను తలుపు దగ్గర నిలబడి చూశాను. మనిషిని ఎలా మాట్లాడించాలో ఆ రోజు నేర్చుకున్నాను. మీరు చేసింది తప్పని తేలింది, పాపం. కానీ అందుకని వాడు జన్మంతా నిర్దోషి అయిపోడు. చేతులు కాలాక ఆకులు పట్టుకుంటే ఏం లాభం?"

"వాడి చేతులు కాలాయి. నావి కాదు."

"సరే. ఇప్పుడు పదకొండూ ఇరవై. అయిదింటిదాకా అడవంతా మీదే." అతను ఒక సంచి బల్ల మీదుగా తోశాడు. "డాక్టరు వస్తువులు. నోటుపుస్తకం, టార్చి, దారపుండ. అన్నీ పిట్టల గోలే. చదువుకోండి."

*

పరిశోధన బంగళా అడవి అంచునే ఉంది. అందులో ఉండేది ఇద్దరే. చనిపోయిన పక్షుల డాక్టరు, ముప్పై ఏళ్ళుగా పక్షుల సర్వేకి బొమ్మలు వేసే ఒక పెద్దావిడ. వాచ్‌మన్ ఆవిడని బొమ్మలమ్మ అన్నాడు. నిన్న పొద్దున ముందుతలుపు నుంచి డాక్టరు తప్ప ఎవరూ బయటికి వెళ్ళలేదని ఒట్టు పెట్టుకుని చెప్పాడు.

బొమ్మలమ్మ గది వెనకవైపు. పెరటి తలుపు తీసి ఉంది. అక్కణ్ణుంచే చెట్లు మొదలు. ఆవిడ కిటికీ దగ్గర పొట్టి బల్ల ముందు కూర్చుని ఉంది. ఎడమ మోకాలికి గుడ్డ కట్టుకుంది. పక్కనే పత్తి పరిచిన చెక్కపెట్టెలో రంగుసీసాలు నిలబెట్టి ఉన్నాయి.

"లేవలేను నాయనా, ఏమీ అనుకోకు. ఆ స్టూలు లాక్కో. దాని మీద నెమలిరంగు ఉంది, తుడుచుకుని కూర్చో. లేకపోతే మీ ఆవిడ నన్ను తిడుతుంది."

"తిట్టే మనిషి లేదులెండి."

"అయితే తుడుచుకోకపోయినా పర్వాలేదు."

ఇద్దరూ కొంచెం నవ్వారు. ఆవిడ కళ్ళు ఉబ్బి ఉన్నాయి. డాక్టర్తో పన్నెండేళ్ళు కలిసి పనిచేశానని, తనకంటే ఇరవై ఏళ్ళు చిన్నవాడని, టీలో చక్కెర వేసుకున్నాడో లేదో కూడా గుర్తుండని మనిషని చెప్పింది. తను అడవిలోకి వెళ్ళి ఎనిమిది రోజులైందట. మోకాలు.

"ఆయనకి శత్రువులు?"

"పిట్టల వాళ్ళకి శత్రువులెవరు నాయనా. మేమే మాకు."

బల్ల మీద పెద్ద కాగితం పరిచి ఉంది. దాని మీద ఆకుతిప్పరి. గోధుమరంగు వీపు, పొట్ట కింద ఎవరికీ చూపించకుండా దాచుకున్నట్టు ఒక ఎర్రని మచ్చ, పొడుగు కాళ్ళు. ముక్కుతో ఒక ఆకుని అంచు పట్టుకుని పుస్తకంలో పేజీ తిప్పినట్టు తిప్పుతోంది. పక్కన నేల మీద ఆకులతో కట్టిన బుట్టలాంటి గూడు. పక్కవాటంగా ఉన్న ద్వారంలోంచి మూడు గుడ్లు కనిపిస్తున్నాయి. ఒక్కోదాని మీద మచ్చలు ఒక్కో తీరు. కాగితం కింద మూల మాత్రం ఖాళీగా వదిలేసి ఉంది.

"ఇక్కడేం వస్తుంది?"

"పిల్ల. ఆకుతిప్పరి పిల్లని నేనింకా చూడలేదు. చూశాక వేస్తాను. ముప్పై ఏళ్ళలో చూడని ఈక ఒక్కటి గియ్యలేదు నేను. పుస్తకాలు వేసేవాళ్ళు తొందరపడతారు. ఊహించి వెయ్యమంటారు. ఊహించినదాన్ని బొమ్మ అనొచ్చేమోగానీ పిట్ట అనకూడదు."

ఇన్‌స్పెక్టర్ లేస్తూ అన్నాడు. "ఒకణ్ణి పట్టుకున్నారు. మెత్తడుగు అని."

కుంచె ఆగింది. చివరన ఒక గోధుమరంగు బొట్టు చేరి కాగితం మీద పడబోతే ఆవిడ అరచెయ్యి అడ్డం పెట్టింది.

"వాడా?" అంది. "వాడు నాకు రాలిన ఈకలు తెచ్చిచ్చేవాడు. ఎప్పుడు పంపిస్తారు?"

"సాయంత్రం అయిదింటికి."

ఆవిడ అరచేతిలో రంగుని నెమ్మదిగా గుడ్డకి తుడుచుకుంది. ఇంకేమీ అనలేదు. మనుషులు ఏమీ అనకపోవడం ఇన్‌స్పెక్టర్‌కి తెలిసిన విద్య. అయినా అప్పుడు ఆ నిశ్శబ్దాన్ని దుఃఖమనే అనుకున్నాడు.

*

బంగళా నుంచి శవం దొరికిన చోటికి ఇరవై నిమిషాలు పట్టింది. ఒంటిగంటన్నర. బాట మీద సున్నంతో గీసిన మనిషి ఆకారం అప్పటికే సగం చెరిగిపోయింది.

ఈడ్చిన జాడ స్పష్టంగా ఉంది. మూరెడు వెడల్పున ఆకులు నున్నగా అణిగిపోయి చెట్లలోకి వెళ్ళింది. మడమలు గీరుకున్న చారలు లేవు. అంటే శవాన్ని దేని మీదో, పట్టా లాంటి దాని మీద పెట్టి లాగారు. బలం చాలని మనిషి చేసే పని అది. ఇన్‌స్పెక్టర్ ప్యాంటు సాక్సుల్లోకి దోపుకుని లోపలికి అడుగు పెట్టాడు. జలగలు తమ పని తాము మొదలుపెట్టాయి.

జాడ తాడు పట్టి గీసినట్టు తిన్నగా ఉంది. ముప్పై అడుగులు, నలభై. అక్కడ ఉన్నట్టుండి ఎడమకి తిరిగి, పెద్ద అర్ధచంద్రంలా వంపు తీసుకుని, మళ్ళీ తిన్నగా సాగి, నాచు పట్టిన ఒక బండ దగ్గర ఆగింది. బండ అంచున ఎండిన నెత్తురు. దాని కింద ముల్లుకి చిక్కుకుని చిటికెడు తెల్లటి పత్తి.

అతను వెనక్కి తిరిగి ఆ వంపుని చూశాడు. అక్కడ చెట్టు లేదు, పొద లేదు, గుంట లేదు. ఒట్టి ఆకులు. శవాన్ని లాగుతూ ఊపిరందని మనిషి, ఏ అడ్డూ లేనిచోట పాతిక అడుగులు ఎక్కువ ఎందుకు లాగాడు?

బండ మీద కూర్చుని డాక్టరు నోటుపుస్తకం తెరిచాడు. మొదటి పేజీలో సర్వే వాళ్ళ నియమాలు రాసి ఉన్నాయి. గూడు దగ్గర ఏ గుర్తూ పెట్టరాదు, గుర్తుని మనుషులూ చదువుతారు, ముంగిసలూ చదువుతాయి. దూరంగా ఒక మొక్కకి మోకాలి ఎత్తున తెల్లదారం కట్టాలి. ఎన్ని ముళ్ళుంటే అన్ని అడుగులు. ముళ్ళు ఏ వైపు చూస్తే ఆ దిక్కు.

చివరి పేజీలు తిప్పాడు. నాలుగు రోజుల కిందట డాక్టరు గూడు కనుక్కున్నాడు. మర్నాడు, అంటే అటుమొన్న: "మొదటి గుడ్డు. తెల్లారకముందే పెట్టింది." మొన్న సాయంత్రం: "రెండు. రోజుకి ఒకటి చొప్పున. అనుమతి కాగితం వచ్చింది. రేపు పెట్టె తీసుకెళ్ళాలి." దాని కింద చిన్నక్షరాలతో, "ఆవిడకి ఎలా చెప్పాలో తెలియడం లేదు."

ఆ తర్వాత పేజీలు తెల్లగా ఉన్నాయి.

దారం వెతకడానికి పది నిమిషాలు పట్టింది. బండకి కుడివైపున ఒక లేత మొక్కకి, మోకాలి ఎత్తున. ఏడు ముళ్ళు. అవి చూసే దిక్కు సరిగ్గా ఆ వంపు మధ్యకి. ఇన్‌స్పెక్టర్ అటు నడిచాడు. ఒకటి, రెండు. తడివైపు పైకి తిరిగి ఉన్న ఆకులు కనిపించాయి. పిట్ట పొద్దున ఇక్కడే తిన్నదన్నమాట. వాటిని తప్పించుకుంటూ అయిదో అడుగు వేసి, ఆరో అడుగు గాల్లోనే ఆపేశాడు.

ఆకులనుకున్నదాంట్లోంచి ఒక కన్ను అతన్ని చూస్తోంది.

ఎంతసేపు అలా ఒంటికాలి మీద నిలబడ్డాడో తెలియదు. పిట్ట కదల్లేదు. అతనూ కదల్లేదు. ఒకరినొకరు చూడనట్టు నటించారు. చివరికి అదే ఓపిక చాలక గూట్లోంచి దిగి, ఎగరకుండా, తొందర లేకుండా, అద్దె ఇల్లు చూడ్డానికి వచ్చినవాళ్ళకి దారిచ్చినట్టు పక్కకి నడిచి వెళ్ళిపోయింది.

ఇన్‌స్పెక్టర్ వంగి చూశాడు. నాలుగు గుడ్లు.

మొన్న రెండు. ఇవాళ నాలుగు.

అతను పాదం నెమ్మదిగా వెనక్కి దించాడు. అప్పుడు అడవిలో నిజంగానే ఏ చప్పుడూ లేదు, లేదా అతనికి వినపడలేదు. ఎవరైనా డాక్టరు చెప్పగా విని బొమ్మ వేస్తే రెండు గుడ్లు వెయ్యాలి. రోజుకొకటని లెక్కకట్టి ఇవాళ వేస్తే నాలుగు వెయ్యాలి. మూడు అన్నది నిన్న ఒక్కరోజే నిజం. నిన్న పొద్దున ఈ గూట్లోకి చూసిన కళ్ళకి మాత్రమే నిజం. ఆ కళ్ళకి నిన్నటి నుంచి కాలం కదల్లేదు. చూడని ఈక ఒక్కటి గియ్యని మనిషి, చూసినదాన్ని గియ్యకుండా ఉండలేకపోయింది.

శవం బాట మీదికి ఎందుకొచ్చిందో కూడా అప్పుడే అర్థమైంది. శవం ఎక్కడుంటే అక్కడికి బూట్లు వస్తాయి. శవాన్ని దాచాలని కాదు, బూట్లని దూరంగా ఉంచాలని లాగింది. అందులోనూ గూటికి వంపు తిరిగి.

దోషి దొరికినప్పుడు లోపల ఒక చిన్న వెలుగు వెలుగుతుంది. ముప్పై ఏళ్ళుగా ఆ వెలుగు కోసమే బతికాడు. ఈసారి అది వెలగలేదు.

*

మూడూ పదికి మళ్ళీ బొమ్మలమ్మ గదిలో ఉన్నాడు. ఆవిడ కుంచెలు కడుగుతోంది. అతని సాక్సుల మీద నెత్తురు మరకలు చూసి, "ఉప్పు ఉంది, తీసుకో. జలగలు వదులుతాయి," అంది.

ఒక్క మాటతో అడిగెయ్యొచ్చు. మీరు మూడు గుడ్లు ఎలా వేశారమ్మా అని. ఆవిడ ఏమంటుంది? ఊహించానంటుంది. బొమ్మలో గుడ్ల లెక్కని ఏ న్యాయస్థానం వింటుంది? లాకప్‌లో ఉన్నవాడికి ఇంకా రెండు గంటలు కూడా లేవు. అటో పుల్ల, ఇటో పుల్ల. మెత్తడుగు గొంతు చెవిలోనే ఉంది. ఇన్‌స్పెక్టర్ తనని తాను అసహ్యించుకుంటూనే మొదటి పుల్ల గుచ్చాడు.

"హత్యకి వాడిన రాయి దొరకలేదమ్మా. నాలుగింటికి నలభై మందిని దింపుతున్నారు. బాట దగ్గర్నుంచి వరసగా నిలబెట్టి, అడుగడుగూ తొక్కుకుంటూ వెతుకుతారు."

నీళ్ళగిన్నెలో కుంచె తిరగడం ఆగిపోయింది.

"నలభై మందా?"

"కొత్తగా చేరినవాళ్ళు. కర్రలతో ఆకులన్నీ తిరగేస్తారు."

ఆ తర్వాత అతను తనకి బాగా వచ్చిన పని చేశాడు. ఊరుకున్నాడు. ఆరు గంటలు పట్టలేదు. రెండు నిమిషాలు కూడా పట్టలేదు.

"వాళ్ళని ఆపు నాయనా," అంది ఆవిడ. "రాయి ఎక్కడుందో నేను చెబుతాను. అది రాయి కాదు, బండ. డాక్టర్ని ఎవరూ కొట్టలేదు."

ఆవిడ మోకాలి గుడ్డ సవరించుకుంటూ చెప్పింది. నిన్న తెల్లారకముందే డాక్టరు పత్తిపెట్టె సర్దుకోవడం చూసింది. గుడ్లని పట్నం తీసుకెళ్ళి యంత్రంలో పొదిగిస్తాడట. అడవిలో ఉంటే పాములపాలు, అక్కడైతే అన్నీ బతుకుతాయని అతని వాదన. పెరటి తలుపు నుంచి ఆవిడ వెనకే వెళ్ళింది. గూట్లో మూడు గుడ్లు చూసింది.

"కనీసం నాలుగోది పెట్టనివ్వరా అన్నాను. మూడు చాలన్నాడు. బండ మీద పెట్టిన పెట్టె తీసుకుని గూటివైపు కదిలాడు. చొక్కా పట్టుకుని వెనక్కి లాగాను, అంతే. బండ మీద నాచు ఉంది. రెండు నిమిషాలు ప్రాణంతో ఉన్నాడు. నావైపు చూడలేదు. గూడువైపే చూశాడు. వాడికీ ఆ పిట్టంటే ప్రాణమే నాయనా. అది రాయకపోతే నువ్వు రాసింది సగం అబద్ధమవుతుంది."

"ఎలా లాగారు?"

"నేను కూర్చుని బొమ్మలు వేసుకునే పట్టా ఉంది. తడి ఆకుల మీద జారుతుంది. గంట పట్టింది. పెట్టె తెచ్చి రంగులు పెట్టుకున్నాను. పారెయ్యడానికి మనసు రాలేదు."

"మెత్తడుగుని పట్టుకున్నారని ఇందాకే చెప్పాను మీకు."

ఆవిడ తల వంచుకుంది. "పొదగడానికి పదహారు రోజులు. పిల్లలు గూడు దిగడానికి ఇంకో పన్నెండు. అవి దిగాక నేనే వచ్చి చెబుదామనుకున్నాను. వాడికి పోయేది ఒక్క నెలేగా అనుకున్నాను."

ఇన్‌స్పెక్టర్ కిటికీ బయటికి చూశాడు. "నేనూ అలాగే అనుకున్నాను. ఒక్క రోజేగా అని. ఏడేళ్ళయింది."

అతను ఫోను తీసి గడియారానికి చేశాడు. అంతా చెప్పాడు. పెట్టె, పత్తి, పట్టా, బొమ్మ. అవతలివైపు నుంచి చిన్న నవ్వు.

"బకెట్ నీళ్ళు మొయ్యలేని పెద్దావిడ, గుడ్ల లెక్క. మేజిస్ట్రేటు నన్ను చూసి నవ్వుతాడు గురువుగారూ. మీవాడు రెండూ అయిదుకి సంతకం పెట్టేశాడు."

"ఆగమని చెప్పాను వాడికి."

"చెప్పాడు, మీరు ఆగమన్నారని. అందుకే పెట్టేస్తున్నానన్నాడు."

ఇన్‌స్పెక్టర్ కళ్ళు మూసుకున్నాడు.

"సంతకం పడ్డ కాగితాన్ని చింపాలంటే దానికంటే బరువైనది కావాలి," అన్నాడు గడియారం. "బండ, నెత్తురు, ఆ వంపు, ఆ గూడు. ఫొటోగ్రాఫరు, కొలతలవాళ్ళు, ఇద్దరు సాక్షులు. మొత్తం ఎనిమిది మంది. అక్కడ అన్నీ మీరు చెప్పినట్టే ఉంటే అయిదింటికి వాణ్ణి నా చేత్తో నేనే వదిలేస్తాను. గూడు ఎక్కడ?"

"నువ్వొక్కడివే రా. నేను తీసుకెళ్తాను."

"అలా కుదరదు. గూడు ఎక్కడ?"

"అది నేల మీద గూడు. ఎనిమిది మంది వెళ్తే..."

గడియారం మాట్లాడలేదు. ఫోనులో ఊపిరి కూడా వినపడటం లేదు. ఇన్‌స్పెక్టర్‌కి ఆ మౌనం తెలుసు. అది తన మౌనం. ఎంతసేపు ఆపాలో, ఎక్కడ తల కొంచెం వంచాలో తనే నేర్పాడు. అవతల లాకప్‌లో ఒక మనిషి మోకాళ్ళు కావలించుకుని కూర్చుని ఉన్నాడు. ఇవతల ఒక మనిషి తడికుంచె పట్టుకుని తననే చూస్తోంది. ఒక నిమిషం గడిచింది.

"బాట నుంచి జాడ వెంట నలభై అడుగులు," అన్నాడు ఇన్‌స్పెక్టర్. "తెల్లదారం. ఏడు ముళ్ళు."

"సంతోషం. మూడూ ఇరవై అయిదు. నాలుగింటికి బయల్దేరుతున్నాం."

ఫోను బల్ల మీద పెట్టాడు. బొమ్మలమ్మ అతని ముఖాన్ని, బొమ్మ వెయ్యబోయే పిట్టని చూసినట్టు చూసింది. ఆవిడకి చెప్పనక్కర్లేకపోయింది.

"నలభై మంది అన్నావే," అంది. "అది అబద్ధం కదూ?"

"ఇందాక అబద్ధమేనమ్మా. ఇప్పుడు ఎనిమిది మంది."

ఆవిడ కుంచె పక్కన పెట్టింది. కాగితం మూల ఖాళీ జాగా మీద వేలు ఒకసారి ఆనించి తీసేసింది. తర్వాత బల్ల అంచు పట్టుకుని, మోకాలిని బలవంతాన నిలబెట్టుకుని లేచింది.

"వాళ్ళకంటే ముందు మనం వెళ్దాం. నేను గూటి ముందు కూర్చుంటాను. నన్ను దాటి ఎవడు అడుగేస్తాడో చూస్తాను. చేతికి నువ్వు వేసే సంకెళ్ళేవో అక్కడే వెయ్యి." పెరటి గడప దగ్గర ఆగి, వెనక్కి చూడకుండా అంది. "ఆ బూట్లు ఇక్కడే వదిలెయ్ నాయనా."

ఇన్‌స్పెక్టర్ వంగి లేసులు విప్పడం మొదలుపెట్టాడు.